ఇంటి బేరము చెడినచో బయానా సొమ్ము ఎవరికి చెందును?

ఇల్లు గాని ఇంటి స్థలము గాని అమ్ముటకు మాట కుదిరిన దినముననే కొంత సొమ్ము చేతులు మారును. తెలంగాణములో దీనిని బయానా అందురు. కొన్ని జిల్లాలలో బజానా అందురు. పాత దస్తావేజులలో సంచకరువు అను మాట కనిపించును. పేరు ఏదైనను ఉద్దేశ్యము ఒక్కటే, మాట తప్పనని ఇచ్చు హామీ. బేరము సాగి రిజిస్ట్రీ జరిగినచో ఆ సొమ్ము వెలలో కలిసిపోవును; ఎవరును దానిని గూర్చి మరల తలపరు. బేరము చెడినప్పుడే చిక్కు వచ్చును. అప్పుడు ఇరుపక్షములవారును మొదట తట్టునది కోర్టు తలుపు కాదు, గ్రామ పంచాయతీ సభ్యుని ఇంటి తలుపు. కావున ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నదో సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

ఈ తగవులు హైదరాబాదునకు పడమటనున్న గ్రామములలో హెచ్చుగా పుట్టుటకు కారణము కలదు. మాదాపూరు ఒకప్పుడు రాతిగుట్టల నడుమనున్న చిన్న గ్రామము. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు అచ్చట సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యెను. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయువారు ఇల్లు వెదకుకొనుచు ఔటర్ రింగ్ రోడ్డు దాటి శంకరపల్లి, మొయినాబాదు, చేవెళ్ల వైపు గ్రామములకు వచ్చుచున్నారు. వారితో పాటు దళారులును వచ్చుచున్నారు.

వెలల పరుగు ఎట్టిదో కోకాపేటను చూచిన తెలియును. 2006లో అచ్చట హుడా వారు భూములు వేలము వేసిరి. వేలములో పాడినవారిలో కొందరు, ఆ భూమిపై హక్కు వివాదమున్న సంగతి తమకు ముందుగా తెలుపలేదని, కట్టిన సొమ్ము తిరిగి ఇప్పింపుడని హైకోర్టునకు వెళ్లిరి. అదే కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలమున ఎకరము వెల 100 కోట్ల రూపాయలను దాటెను. వెల ఇట్లు పెరుగునప్పుడు బయానా పుచ్చుకొనిన అమ్మకందారుని మనస్సు నిలువదు. వెల పడిపోవునప్పుడు బయానా ఇచ్చిన కొనుగోలుదారుని మనస్సు నిలువదు. 2008లో ప్రపంచమంతట ఆర్థిక సంక్షోభము వచ్చి ఐ.టి. కొలువులు ఊగిసలాడినప్పుడు ఇట్టిది చూచితిమి. కోట్ల బేరములు చేయువారికి వకీళ్లు ఉందురు. పెంకుటిల్లు అమ్ముకొను రైతుకును, పదేండ్ల జీతము కూడబెట్టి బయానా ఇచ్చిన ఉద్యోగికిని ఊరి పెద్దలే దిక్కు.

ఒక ఉదాహరణ తీసికొందము. శంకరపల్లి సమీప గ్రామమున ఒక రైతు తన ఇంటిని పెరటి స్థలముతో సహా 60 లక్షల రూపాయలకు అమ్ముటకు ఒప్పుకొనెను అనుకొందము. కొనువారు హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు భార్యాభర్తలు. బయానా 5 లక్షలు. మిగిలిన సొమ్ము మూడు నెలలలో చెల్లించి రిజిస్ట్రీ చేయించుకొనవలెను. నూరు రూపాయల స్టాంపు కాగితముపై ఆరు పంక్తులు వ్రాసి, ఇద్దరు సాక్షులు సంతకములు చేసిరి. అందొకరు వార్డు సభ్యుడు. మూడు నెలలు గడిచెను, రిజిస్ట్రీ జరుగలేదు. “బయానా మునిగినట్లే” అని రైతు అనుచున్నాడు. “మా సొమ్ము మాకు ఇప్పింపుడు” అని దంపతులు అడుగుచున్నారు. ఎవరి మాట న్యాయము?

రిజిస్ట్రీ ఎందుకు ఆగినదో తెలియకుండ ఈ ప్రశ్నకు బదులు చెప్పరాదు. ఆ దంపతులు వేరొకచోట మంచి ఫ్లాటు చూచుకొని ఈ ఇల్లు వద్దనుకొనిరి అనుకొందము. అప్పుడు తప్పు వారిది. హామీగా ఇచ్చిన సొమ్మును రైతు ఉంచుకొనవచ్చును. అట్లు గాక, మరియొకడు 75 లక్షలు ఇత్తునని వచ్చుటచేత రైతే వెనుదీసెను అనుకొందము. అప్పుడు బయానా తిరిగి ఇయ్యవలసినదే. అంతటితో తీరదు. దంపతులు తలచినచో ఇల్లు తమకే రిజిస్ట్రీ చేయింపుమని కోర్టులో దావా వేయవచ్చును. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము ఈ హక్కును ఇచ్చుచున్నది. 2018లో వచ్చిన సవరణ దీనిని మరింత బలపరచినది. అయితే వారు మొదటినుండి చివరివరకు సొమ్ము చెల్లించుటకు సిద్ధముగా ఉండినట్లు రుజువు చూపవలెను. బ్యాంకు అప్పు మంజూరు పత్రము, ఖాతా నిలువ, రైతుకు పంపిన నోటీసు ఇందుకు పనికివచ్చును. “సిద్ధముగానే ఉంటిమి” అను నోటిమాట చాలదు.

ఇక మూడవ కారణము నేడు మిక్కిలి తరచుగా వినవచ్చునది, బ్యాంకు అప్పు ఇయ్యకపోవుట. కొనువారు దీనిని తమ తప్పుగా ఎంచరు. అమ్మువారు తమ తప్పుగా ఎంచరు. అప్పు రానిచో బయానా తిరిగి ఇయ్యవలెనను షరతు ఒడంబడికలో వ్రాసియున్నచో తగవే లేదు. వ్రాయనిచో, సొమ్ము సమకూర్చుకొనుట కొనువాని పనియే గనుక నష్టము అతనిపై పడును. కాని అప్పు రాకపోవుటకు మూలము ఇంటి కాగితములలోనే ఉన్నచో సంగతి మారును. అనుమతిలేని లేఅవుటులోని స్థలమైనను, ఇంటికి అనుమతి పత్రము లేకపోయినను బ్యాంకువారు వెనుదీయుదురు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996 మార్చి 8వ తేదీన వెలువడిన జి.ఓ. 111 పరిధిలో 84 గ్రామములు కలవు. 2022లో ప్రభుత్వము ఆ ఆంక్షలను సడలించుచు వేరొక ఉత్తర్వు ఇచ్చినను, అచ్చటి కట్టడముల అనుమతులను విచారింపక బయానా ఇచ్చుట తెలివి కాదు. ఆస్తి హక్కులో తనకు తెలిసిన లోపమును అమ్మువాడు కొనువానికి తెలుపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను విధించుచున్నది. లోపము దాచి బయానా పుచ్చుకొనినవాడు దానిని ఉంచుకొనజాలడు.

నాల్గవ కారణము ఇంటిలోనే పుట్టును. తండ్రి బయానా పుచ్చుకొనును. రిజిస్ట్రీ నాటికి కుమార్తెలు సంతకము చేయమందురు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు హక్కు లేదని అనుకొను పెద్దలు ఇంకను ఉన్నారు. అది పొరపాటు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియే పెండ్లికాని కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు వచ్చినది. 2005లో కేంద్ర సవరణ పెండ్లియైనవారికిని దానిని వర్తింపజేసినది. 2020లో సుప్రీంకోర్టు ఈ విషయమును మరింత స్పష్టము చేసినది. కూతుళ్లు ఒప్పుకొనక బేరము చెడినచో అది అమ్మువాని పక్షపు లోపమే. కొనువాని బయానా తిరిగి ఇయ్యవలెను. బయానా నాడే కుమారులను, కుమార్తెలను పిలిపించి సంతకములు తీసికొనిన ఈ రభస ఉండదు. ఆడబిడ్డలను చివరి దినమున కబురుపెట్టి పిలుచుట మర్యాదయు కాదు.

ఎంత సొమ్ము ఉంచుకొనవచ్చును?

కొనువాని తప్పు తేలిన తరువాత వచ్చు ప్రశ్న ఇది. ఇందు సభ్యులు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. కొనువాడు ఇచ్చినదంతయు బయానా కాదు. హామీగా ఇచ్చినది బయానా. వెలలో భాగముగా ఇచ్చినది వేరు. కాగితముపై అడ్వాన్సు అని వ్రాసినంత మాత్రమున గాని, బయానా అని వ్రాసినంత మాత్రమున గాని తీర్పు కాదు. ఆ సొమ్ము ఏ షరతుపై చేతులు మారినదో కోర్టులు చూచును.

1963లో సుప్రీంకోర్టు తీర్పు చేసిన ఒక వ్యాజ్యము దీనిని తేటపరచును. ఢిల్లీలో ఒక బంగళాను 1,12,500 రూపాయలకు అమ్ముటకు 1949లో ఒప్పందము జరిగెను. కొనువాడు 1,000 రూపాయలు బయానాగాను, తరువాత 24,000 రూపాయలు వెలలో భాగముగాను చెల్లించెను. బేరము చెడెను. అమ్మువాడు 25,000 రూపాయలను ఉంచుకొందుననెను. హైకోర్టు వెలలో పదవ వంతు, అనగా 11,250 రూపాయలు ఇప్పించెను. సుప్రీంకోర్టు దానిని గూడ అంగీకరింపక, బయానాయగు 1,000 రూపాయలు మాత్రమే ఉంచుకొనుమనెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ఇందుకు ఆధారము. కాగితముపై ఎంత పెద్ద మొత్తము దండుగగా వ్రాసికొనినను, ఆ మొత్తమునకు మించకుండ, సమంజసమైన పరిహారము మాత్రమే లభించును. “బేరము చెడగొట్టిన రెట్టింపు ఇత్తును” అని వ్రాయించుకొను అమ్మువారికిని కొనువారికిని ఇదే సూత్రము వర్తించును.

అట్లని బయానాను ఉంచుకొను హక్కు పేరుకు మాత్రమే అనుకొనరాదు. 2012లో సుప్రీంకోర్టుకు వచ్చిన మరియొక వ్యాజ్యమున ఇంటి వెల 70 లక్షలు, బయానా 7 లక్షలు. కొనువాడు మాట తప్పినందున 7 లక్షలును అమ్మువాడు ఉంచుకొనవచ్చునని తీర్పయ్యెను. 2015లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ పక్షమున వచ్చిన వ్యాజ్యము దీనికి వేరు. ఆ సంస్థ ఒక స్థలమును 3 కోట్ల 12 లక్షలకు వేలము వేసి, 78 లక్షలు పుచ్చుకొని, తరువాత బేరము రద్దుచేసి, అదే స్థలమును 11 కోట్లకు పైగా అమ్ముకొనెను. కొనువాని తప్పును లేదు, సంస్థకు నష్టమును లేదు. కావున 78 లక్షలు తిరిగి ఇయ్యవలసివచ్చెను. 2025 ఫిబ్రవరిలో, పెద్ద నిర్మాణ సంస్థ తాను వ్రాసిన ఒప్పందమున ఇరువది శాతము ఉంచుకొందునని పెట్టిన షరతు ఏకపక్షమైనదని, పది శాతము చాలునని సుప్రీంకోర్టు అభిప్రాయపడెను. ఈ తీర్పులను కలిపి చదివినచో మన ఉదాహరణలోని 5 లక్షలు, 60 లక్షల వెలలో పన్నెండవ వంతు గనుక, అధికమనిపింపదు. 25 లక్షలు పుచ్చుకొని అంతయు నాదే అనినచో నిలుచుట కష్టము. తనకు నిజముగా కలిగిన నష్టమును రైతు చూపవలసివచ్చును.

గడువు దాటిన మరునాడే బయానా మునిగినదని ప్రకటించుట గ్రామములలో పరిపాటి. స్థిరాస్తి బేరములలో గడువే ప్రాణమని చట్టము మామూలుగా ఎంచదు. ఒడంబడికలో ఆ మాట స్పష్టముగా వ్రాయవలెను, నడవడిలోను చూపవలెను. నగరములలో వెలలు వేగముగా పెరుగుచున్న ఈ కాలమున గడువును ఇంత తేలికగా చూడరాదని 2011లో సుప్రీంకోర్టు హెచ్చరించినది గూడ. కావున రైతుకు చెప్పదగిన మాట: గడువు దాటిన పిమ్మట రిజిస్టరు తపాలా ద్వారా నోటీసు పంపి, పదిహేను దినములో నెలయో వ్యవధి ఇచ్చి, అప్పటికిని రానిచో ఒడంబడిక రద్దగునని తెలుపుము. నోటీసు ఇయ్యక మరియొకనికి అమ్మినచో రైతే చిక్కులో పడును.

కాగితము, నగదు, రిజిస్ట్రీ

స్టాంపు కాగితముపై నోటరీ ముద్ర వేయించుటతో పని ముగిసినదని అనేకులు భావింతురు. నోటరీ ముద్ర రిజిస్ట్రీ కాదు. మన రాష్ట్రమున 1999 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న సవరణ ప్రకారము, 100 రూపాయలును అంతకు పైబడినదియునైన స్థిరాస్తి విక్రయ ఒడంబడికను విధిగా రిజిస్ట్రీ చేయింపవలెను. చేయింపని ఒడంబడికను, ఒప్పందము జరిగినదనుటకు సాక్ష్యముగా నిర్దిష్ట పరిహార దావాలో చూపుటకు చట్టమే దారి ఉంచినది. కాని దానిని నమ్ముకొని ఉండుట తెలివి కాదు. రిజిస్ట్రీ అయిన ఒడంబడిక ఈసీలో కనిపించును. రైతు రెండవవానికి అమ్మబోయినచో వానికి మొదటి బేరము తెలియక తప్పదు. స్టాంపు సుంకము తక్కువైనచో కోర్టు ఆ కాగితమును స్వీకరింపదు; తక్కువైన సుంకముతో పాటు దానికి పదిరెట్ల వరకు జరిమానా కట్టిన తరువాతనే చూచును.

నగదు సంగతి మరింత ముఖ్యము. ఇంటి అమ్మకమునకు సంబంధించి 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా బయానా పుచ్చుకొనుట 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది; తిరిగి ఇచ్చునప్పుడును ఇదే నియమము. పుచ్చుకొనినంత మొత్తము జరిమానాగా పడవచ్చును. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు మరియొక అడుగు ముందుకు వేసి, 2 లక్షలును అంతకు పైబడినదియునైన నగదు చెల్లింపును ఆధారముగా చూపు దావాలు వచ్చినచో ఆ సమాచారమును ఆదాయపు పన్ను శాఖకు పంపవలెనని కోర్టులను ఆదేశించినది. నోట్ల కట్టలు లెక్కించి ఇచ్చిన బయానాను కోర్టులో అడుగబోయినవాడు తన కాగితముతోనే తాను పట్టుబడును. చెక్కు, బ్యాంకు బదిలీలే క్షేమము. ఒక చిన్న సంగతి: వెల 50 లక్షలు గాని అంతకు పైన గాని ఉన్నచో కొనువాడు బయానాతో సహా ప్రతి చెల్లింపునుండియు నూటికి ఒక రూపాయి పన్నుగా మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. మన రైతు చేతికి 4,95,000 వచ్చును. తక్కువ ఇచ్చినారని అతడు కోపించినచో సభ్యులు సర్దిచెప్పవలెను.

ఇంతవరకు చెప్పినది ఒకని ఇల్లు మరియొకడు కొనుటను గూర్చి. నిర్మాణ సంస్థ వద్ద ఫ్లాటు గాని ప్లాటు గాని కొనువారికి 2016 నాటి రెరా చట్టము అదనపు రక్షణ ఇచ్చినది. ముందుగా విక్రయ ఒడంబడిక వ్రాసి రిజిస్ట్రీ చేయనిదే, వెలలో పది శాతమునకు మించి పుచ్చుకొనరాదు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలముగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లుగాని గల పథకమును రెరాలో నమోదు చేయకుండ అమ్మజూపుటయే నేరము. ప్రీ లాంచ్ అను పేర, అనుమతులు రాకమునుపే చవుక వెలకు మొత్తము సొమ్ము వసూలుచేయు ప్రకటనలు ఈ చట్టమునకు విరుద్ధములు. సంస్థ సకాలమున ఇల్లు అప్పగింపనిచో కొనువాడు వడ్డీతో సొమ్ము తిరిగి కోరుచు తెలంగాణ రెరా ఎదుట ఫిర్యాదు చేయవచ్చును.

సభ్యులు ఏమి చేయగలరు?

ఆస్తి హక్కులను తీర్పుచేయు అధికారము గ్రామ పంచాయతీకి లేదు. చావడిలో ఇరువురిచేత వేలిముద్రలు వేయించి, ఇదే తీర్పనుట చెల్లదు. “ఇంత దండుగ కట్టుము, లేనిచో నీళ్లు బందు” అనుట అపచారము. అట్లు చేసిన సభ్యుడే కేసులో ఇరుకుకొనవచ్చును. సాక్షిగా సంతకము చేసిన సభ్యుడు మధ్యవర్తిగా కూర్చుండుటయు బాగుండదు. రేపు అతనినే కోర్టు సాక్ష్యమునకు పిలుచును. ఇరువురిని కూర్చుండబెట్టి ఎవరి తప్పు ఎంత అని మాటలాడించి, సమ్మతి కుదిరినచో దానిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లేక మండల న్యాయ సేవా సంఘము నడుపు లోక్ అదాలతుకు పంపుట మంచి మార్గము. దావా వేయకమునుపే అచ్చటికి పోవచ్చును. అచ్చట జరిగిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

బేరము చెడిన ప్రతిసారియు పోలీసు ఠాణాకు పరుగెత్తుట కనిపించుచున్నది. మాట తప్పుట సివిలు తగవు మాత్రమే. మొదటి దినముననే మోసపుచ్చు తలంపు ఉన్నట్లు, ఒకే ఇంటిపై ఇద్దరివద్ద బయానా పుచ్చుకొనుట వంటిది కనిపించిన పోలీసువారికి చెప్పదగును.

కోర్టుకు పోవువారికి రెండు సంగతులు చెప్పి పంపవలెను. ఇల్లు ఇప్పింపుమని దావా వేయువారు, అది కానిచో బయానా తిరిగి ఇప్పింపుమని గూడ దావాలోనే అడుగవలెను. అడుగనిదానిని కోర్టు ఇయ్యదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక బెంగళూరు ఇంటి వ్యాజ్యమున 20 లక్షల సొమ్ము తిరిగి ఇప్పింప నిరాకరించుటకు గల కారణములలో ఇది ఒకటి. రెండవది కాలపరిమితి. ఒడంబడికలో రిజిస్ట్రీకి తేదీ వ్రాసియున్నచో ఆ తేదీనుండి మూడేండ్లలోను, వ్రాయనిచో అమ్మువాడు నిరాకరించినట్లు తెలిసిన దినమునుండి మూడేండ్లలోను నిర్దిష్ట పరిహార దావా పడవలెను. “పంటలు రానీ, చూతము” అని రైతు చెప్పిన మాటలతో కాలము గడపి, నాల్గవ ఏట కాగితము పట్టుకొని వచ్చువానికి సభ్యులు గాని వకీళ్లు గాని చేయగలది బహు తక్కువ.